జెబులూను రాసిన జాబితా

ఏటిమొగ సంస్థానం ఏలే విజయభూపతి రాజుగారికి ఓ ఆదివారం పొద్దున ఓ సరదా పుట్టింది. కోట వెనక తాను కట్టించి ఇచ్చిన ప్రార్థన మందిరంలోకి చెప్పాపెట్టకుండా వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చున్నారు. మావటీలు, తోటమాలులు, వంటవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు.

ప్రార్థన ముగిశాక రాజుగారు లేచారు.

"వీళ్ళలో నిజంగా నమ్మినవాళ్ళెందరు? ఊరికే కళ్ళు మూసుకున్నవాళ్ళెందరు?"

పాదిరిగారు నీళ్ళు నమిలారు. సంఘపెద్ద జెబులూను మాత్రం కండువా సర్దుకుని ముందుకొచ్చాడు. అతను ఏనుగుశాల అధికారి. సంఘంలో అందరికంటే పెద్ద గొంతు అతనిది, అందరికంటే పొడుగు ప్రార్థనా అతనిదే.

"ఆ సంగతి నాకు తెలుసు ప్రభూ. సెలవైతే రెండు జాబితాలు రాసిస్తాను."

"రాయి," అన్నారు రాజుగారు. "దొంగ విశ్వాసులు ఇకమీదట ఈ గడప తొక్కకూడదు. అందరిలోకీ గొప్ప విశ్వాసి ఎవరో తేలితే, ఆ మనిషికి కాశ్మీరు శాలువా."

పక్కనే ఏలీషా నిలబడి ఉన్నాడు. కొలువులో కబుర్లు చెప్పి రాజుగారిని నవ్వించడం అతని పని. అతనూ ఆ సంఘంవాడే. అతని పెళ్ళి ఆ మందిరంలోనే అయింది. వాళ్ళమ్మ సమాధి దాని పెరట్లోనే ఉంది. రాజుగారు సరదాకి అన్న మాటైనా వెనక్కి తీసుకోరని అతనికి బాగా తెలుసు.

బుధవారం కొలువుకి సంఘమంతా వచ్చి నిలబడింది. జెబులూను గొంతు సవరించుకుని చదివాడు.

నిజమైన విశ్వాసులు నలుగురే. జెబులూను, అతని భార్య, అతని బావమరిది, పాదిరిగారు. పాదిరిగారి పేరు పక్కన మాత్రం "సందేహము" అని రాసి ఉంది.

దొంగ విశ్వాసులు నలభై ముగ్గురు. అందరికంటే ముందు తోటపని చేసే దీనమ్మ. "ఆలస్యముగా వచ్చును. ప్రసంగములో నిద్రించును." ఆ తరవాత ఏలీషా. "ప్రార్థనలో నవ్వును."

జనం తలలు దించుకున్నారు. ఒక ముసలి మావటి కళ్ళు తుడుచుకున్నాడు. దీనమ్మ చేతికంటిన మట్టిని కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది.

"నవ్వుతానన్నది నిజమే ప్రభూ," అన్నాడు ఏలీషా. "జెబులూనుగారి ప్రార్థన మధ్యలో ఒకసారి నేను ఇంటికెళ్ళి అన్నం తిని వచ్చాను. అప్పటికీ ఆమెన్ రాలేదు."

రాజుగారి మీసాలు కదిలాయి. ఏలీషా అదే అదనుగా అన్నాడు.

"మమ్మల్ని పంపేసే ముందు ఒక్క మనవి. ఒక్కొక్కరినీ పిలిచి ఒకే ప్రశ్న అడగండి. మీ ఇంట్లో మశూచి వచ్చి, అయినవాళ్ళు కూడా గుమ్మం ఎక్కకపోతే, సంఘంలో ఎవరికి కబురు పెడతావు? జవాబు మీ చెవిలోనే చెప్పాలి."

రహస్యమంటే చెవి కోసుకునే రాజుగారు సరేనని చెవి ముందుకు పెట్టారు. పాదిరిగారితో మొదలుపెట్టి నలభై ఏడుగురూ వచ్చి చెప్పి వెళ్ళారు. మొదట్లో రాజుగారు తలాడించారు. తరవాత కనుబొమలెత్తారు. జెబులూను వచ్చి చెప్పి వెళ్ళాక మాత్రం కాసేపు అతన్నే చూస్తూ ఉండిపోయారు.

"ఏలీషా, విను," అన్నారు చివరికి. "ఐదుగురు పాదిరిగారి పేరు చెప్పారు. ఒకడు వాళ్ళ అత్తగారి పేరు చెప్పాడు. తక్కిన నలభైమందీ చెప్పింది దీనమ్మ పేరు."

"మరి దీనమ్మ ఎవరి పేరు చెప్పింది ప్రభూ?"

"ఆవిడకి నా ప్రశ్న అర్థం కాలేదు. 'ఎవరింట్లో ప్రభూ? ఇప్పుడే వెళ్తాను' అంది."

రోగుల ఇళ్ళలో రాత్రులు మేలుకునే మనిషికి ప్రసంగంలో కునుకు ఎందుకొస్తుందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"జెబులూనూ, నువ్వు నా చెవిలో ఎవరి పేరు చెప్పావు?" అన్నారు రాజుగారు.

జెబులూను నేల చూశాడు. "దీనమ్మ పేరే ప్రభూ."

"జాబితాలో మొదటి దొంగ ఆవిడే కదయ్యా. ఏలీషా, ఇదేం విడ్డూరం? ఒకే మనిషి రెండు మాటలు చెప్పాడు. ఏది నమ్మను?"

ఏలీషా చేతులు కట్టుకున్నాడు.

"కాగితం మీద రాసింది ఆయన గొప్ప, మీ చెవిలో చెప్పింది ఆయన భయం. భయానికి అబద్ధమాడే తీరిక ఉండదు ప్రభూ."

రాజుగారు పగలబడి నవ్వారు. శాలువా తెప్పించి దీనమ్మకి ఇప్పించారు. ఆవిడ దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతుల మీదా పరుచుకుని నిలబడింది.

"మరి ఈ జెబులూనుని ఏం చెయ్యమంటావమ్మా?"

"ఉండనివ్వండి బాబూ," అంది దీనమ్మ. "పోయినేడు మా ఆయన్ని పాతిపెట్టిన రోజు జోరున వాన. అందరూ మందిరం చూరు కింద నిలబడిపోయారు. గోతి పూడ్చేదాకా తడుస్తూ పాడింది ఈయనొక్కడే."

జెబులూను తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఎప్పుడూ లేనిది, చిన్న గొంతుతో "అమ్మా" అన్నాడు, అంతే.

"బాగుంది," అన్నారు రాజుగారు. "ఇంతకీ నేనడిగింది తేలనే లేదు. ఏలీషా, మీలో దొంగ విశ్వాసులెవరు?"

"కోతకాలం దాకా గోధుమనీ కలుపునీ కలిసే పెరగనిమ్మన్నాడు ప్రభూ మా దేవుడు. ఆయనకే లేని తొందర మనకెందుకు?"

ఈసారి పాదిరిగారే ముందు నవ్వారు. ఆ నవ్వు కొలువంతా పాకింది. రాజుగారు జాబితాని నాలుగు ముక్కలు చేసి, తన మెడలోని ముత్యాల హారం తీసి ఏలీషా మెడలో వేశారు. అందరికంటే కాస్త ఆలస్యంగా జెబులూను కూడా నవ్వాడు.