గోడ మర్యాద

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లున్నాయి, గుట్టలున్నాయి, పుట్టలున్నాయి, ఒక వాగు కూడా ఉంది. గోడ మాత్రం లేదు పిల్లలూ. ఒక్కటంటే ఒక్క గోడ కూడా లేదు. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. వచ్చిన చిక్కంతా దీనివల్లే వచ్చింది.

ఆ అడవిలో చిటారి అనే కొండముచ్చు ఉండేది. పొద్దస్తమానం నల్లమద్ది చెట్టు చిటారు కొమ్మన కూర్చుని అడవికంతటికీ కాపలా కాసేది. అందుకే ఆ పేరు. దానికి రెండే కూతలు వచ్చు. పులి కనిపిస్తే "ఖర్ర్! ఖకర్ర్!" అనేది. అది పులికూత. అది చెవిన పడితే కింద మేసేవాళ్ళ బుర్ర పనిచేసేది కాదు, కాళ్ళే పనిచేసేవి. అందరూ తలోదిక్కుకు పరుగో పరుగు! మనవాళ్ళెవరైనా వస్తుంటే "హూప్! హూప్!" అనేది. అది మంచికూత.

కాపలా కొమ్మ ఎక్కిన మొదటిరోజే వాళ్ళమ్మమ్మ చిటారి చేత ఒట్టు వేయించింది.

"చూసిందే కూస్తాను. చూడనిది కూయను."

చిటారి ఆ ఒట్టు ఏనాడూ తప్పలేదు. అందుకే దాని మాటంటే అడవికి అంత గురి.

చిటారికి ప్రాణస్నేహితుడు ఒకడున్నాడు. పేరు కొమ్మన్న. పెద్ద దుప్పి. చిటారి పైనుంచి తునికి పండ్లు రాలిస్తే కొమ్మన్న కింద ఏరుకుని తినేవాడు. మనసు వెన్న. ఒక్కటే జబ్బు, కొమ్ములంటే చెడ్డ మురిపెం! వాగులో నీళ్ళు తాగడానికి వెళ్ళి, తాగడం మరిచిపోయి, నీడ చూసుకుంటూ నిలబడేవాడు.

"చెల్లీ, ఈ ఏడు కుడికొమ్ము ఇంకాస్త పెరిగినట్టు లేదూ?" అని రోజూ అడిగేవాడు.

"పెరిగిందన్నా, పెరిగింది! ముందు నీళ్ళు తాగు!" అని చిటారి రోజూ కసిరేది.

ఇలా ఉండగా, అడవి అంచున ఒక షికారు బంగళా లేచింది. సరదాకి వేటాడే పెద్దమనుషులు ఎక్కడెక్కడి నుంచో కార్లలో దిగసాగారు. వాళ్ళందరిలోకీ గొప్పవాడికి ఒక వెడల్పాటి టోపీ ఉండేది. జంతువులు అతనికి టోపీబాబు అని పేరు పెట్టాయి.

జిత్తు అనే గుంటనక్క ఆ బంగళా వెనక చేరి ఎముకలు నాకడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకే బొద్దుగా తయారయ్యాడు. ఒకనాటి ఉదయం నల్లమద్ది కిందికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండహో! బంగళా వాళ్ళు మన అడవిలో పెద్దవాళ్ళకు మర్యాద చేస్తారట! మామూలు మర్యాద కాదు, గోడ మర్యాద! ఏడాదికి ఇద్దరో ముగ్గురో, అంతే. దానికి బదులుగా ఎండాకాలమంతా మనకు తొట్టెలో నీళ్ళు పోస్తారట!"

"గోడంటే ఏమిటి?" అంది నెమలి.

జిత్తు ఛాతీ పొంగించాడు. "మనుషులు తమకు అన్నిటికన్నా అపురూపమైనదాన్ని గోడకే పెట్టుకుంటారు. దేవుడి పటం గోడకే. తాతల పటాలూ గోడకే. పైగా వాటికి పూలదండ కూడా వేస్తారు!"

తాతల పటానికి దండ ఎప్పుడు వేస్తారో మీకు తెలుసు. మీ ఇంట్లో చూసే ఉంటారు. పాపం, అడవిలో ఎవరికీ తెలియదు. దండ అనగానే అందరూ మురిసిపోయారు.

"చిటారక్కా, నీకొక చిన్నపని. పెద్దవాళ్ళెవరైనా పచ్చికబయల్లోకి వచ్చారనుకో, ఒక్క మంచికూత వెయ్యి. అతిథులు ఎదురొస్తారు," అన్నాడు జిత్తు.

వచ్చేవాళ్ళను చూసి వచ్చారని చెప్పడమే కదా! ఇందులో ఒట్టు తప్పేదేముంది? చిటారి సరేనంది.

మొదట బండన్న వెళ్ళాడు. అడవిదున్న. కొండంత మనిషి... మనిషి కాదులెండి, దున్న! బయల్లో కాలు పెట్టగానే చిటారి "హూప్! హూప్!" అంది. బండన్న పొదల చాటుకు వెళ్ళాడు. అక్కడినుంచి ఢాం!

"ఆ చప్పుడేమిటి?" అని అందరూ ఉలిక్కిపడ్డారు.

"సంతోషం పట్టలేక మనుషులు అలాగే చప్పుడు చేస్తారు," అన్నాడు జిత్తు.

బండన్న తిరిగి రాలేదు. మర్నాడు సిమెంటు తొట్టె నిండా నీళ్ళు మాత్రం వచ్చాయి.

తరువాత కోరయ్య వెళ్ళాడు. ముసలి అడవిపంది. ఇంత పొడుగు కోరలు. చిటారి "హూప్! హూప్!" అంది. కోరయ్యా ఆ పొదల చాటుకే వెళ్ళాడు. ఢాం! ఆయన కూడా తిరిగి రాలేదు.

"వీళ్ళు ఒక్కసారైనా ఇటు రారేమిటి?" అని చిటారి అడిగింది.

"గోడ దిగబుద్ధి కావడం లేదటక్కా!" అన్నాడు జిత్తు, మూతి నాకుకుంటూ.

ఎండలు ముదిరాయి. వాగు ఇసుకదిబ్బయింది. మూడో మర్యాద ఎవరికో చెప్పండి చూద్దాం. అవును, కొమ్మన్నకే!

ఆ రోజు అడవిలో ఒకటే సందడి! నెమలి కొమ్మన్న వీపు మీది దుమ్ము దులిపింది. కుందేళ్ళు దారి పొడుగునా గెంతాయి. కొమ్మన్న బుగ్గిలో పొర్లి, లేచి, కొమ్ములను చెట్టు బెరడుకేసి రుద్ది నిగనిగలాడించాడు.

"చెల్లీ, నన్ను గోడ మీద చూడ్డానికి వస్తావు కదూ?"

"రాకుండా ఉంటానా!" అంది చిటారి. అంది గానీ లోపల ఏదో గుచ్చుకుంది. గోడ గోడ అని ఇన్నాళ్ళుగా అందరితో పాటు తానూ అంటోంది. ఇంతకీ ఆ గోడను తాను చూసిందా? చూడలేదు. చూడనిదాని కోసమే రెండుసార్లు కూసింది!

"అన్నా, ఎండ చల్లబడేదాకా కదలకు. ఇప్పుడే వస్తాను," అని చెప్పి చెట్టు దూకింది.

కొమ్మల మీదుగా గెంతుతూ బంగళా పెంకుల మీద దిగింది. కిటికీలోంచి తొంగిచూసింది. ఎదురుగా బండన్న!

"బండన్నా!" అని సంతోషంతో ఎగిరి గంతేసింది. నిజంగానే గోడ మధ్యనుంచి తల బయటికి పెట్టి దర్జాగా చూస్తున్నాడు. పక్కనే కోరయ్య, కోరలు తళతళలాడుతూ! జిత్తు చెప్పింది నిజమే!

"బండన్నా! నేను చిటారిని! పలకవేం?"

బండన్న పలకలేదు. కన్ను కూడా ఆర్పలేదు.

గోడకు బొక్క పెట్టి తల ఇటు పెట్టాడు కాబోలు, ఒళ్ళంతా అటువైపు ఉండి ఉంటుంది అనుకుంది చిటారి. తోక పట్టుకుని లాగితే పలకడా! చకచకా పెంకులెక్కి అవతలివైపుకు దూకింది.

అవతల ఒళ్ళు లేదు. కాళ్ళు లేవు. తోక లేదు. ఉత్త సున్నం గోడ. దాని మీద ఒక బల్లి.

"బల్లెమ్మా, మా బండన్న మిగతా ఒళ్ళేదీ?" అని అడిగింది చిటారి.

బల్లి జాలిగా చూసింది. "వెనక ఏమీ లేదు తల్లీ. తలవరకే. ఆ కళ్ళు కూడా గాజువి. పక్కన ఖాళీ మేకు చూశావా? అది కొమ్ములవాడికట. పొద్దున్నే కొట్టారు. ఆ టోపీ ఆయన తుపాకీ పట్టుకుని ఇందాకే బయల్దేరాడు."

చిటారికి అప్పుడు అర్థమైంది. బండన్నను పంపింది తన కూతే. కోరయ్యను పంపిందీ తన కూతే. ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడవడానికి వ్యవధి ఎక్కడిది? కొమ్మన్నకు ఓపిక లేదని దానికి తెలుసు. ఎండ చల్లబడేదాకా ఆగేవాడేనా వాడు!

దూకింది. ఒక కొమ్మ. ఇంకో కొమ్మ. మూడో కొమ్మ ఫటుక్కున విరిగింది! కింద పడింది, లేచింది, మళ్ళీ ఎక్కింది. ముళ్ళు గీసుకున్నాయి. చూసుకోలేదు. రొప్పుతూ రోజుతూ నల్లమద్ది చిటారుకు చేరింది.

కింద బయల్లో కొమ్మన్న! తల పైకెత్తి ఠీవిగా నడిచి వస్తున్నాడు. పొద వెనక టోపీ! టోపీ కింద తుపాకీ గొట్టం! పక్కనే జిత్తు, పైకి చూస్తూ సైగ చేస్తున్నాడు. "కుయ్యి అక్కా, కుయ్యి!"

చిటారి గొంతు చించుకుని అరిచింది. "అన్నా, రావద్దు! వెనక్కి పో!"

కొమ్మన్న నవ్వాడు. "కుళ్ళుకోకు చెల్లీ! రేపు నిన్నూ గోడకెక్కించమని చెబుతాలే!"

తుపాకీ గొట్టం పైకి లేచింది. ఇక మిగిలింది ఒక్కటే. పులికూత. కానీ అక్కడ పులి లేదు! చూడనిది కూయనని అమ్మమ్మకు ఒట్టు వేసింది. ఆ ఒక్క క్షణం చిటారికి ఏడాదంత అనిపించింది.

"ఖర్ర్! ఖకర్ర్! ఖకర్ర్!"

కొమ్మన్న బుర్ర ఇంకా గోడ మీదే ఉంది. కాళ్ళు మాత్రం ఆగలేదు. ఒక్క దూకు! ఢాం! గుండు వచ్చి ఎడమకొమ్ము కొసను ఎగరగొట్టింది. అంతే! దుప్పులు, పందులు, కుందేళ్ళు, ఎక్కడివాళ్ళక్కడ పొదల మీదుగా దూకి పరుగు! "పులి! పులి!" అని జిత్తు కూడా తోక ముడిచాడు. అది చూసి, నిజంగానే పులి వచ్చిందనుకుని టోపీబాబుకు ముచ్చెమటలు పోశాయి. తుపాకీ పారేశాడు. టోపీ పారేశాడు. కనబడ్డ చెట్టెక్కేశాడు. అది ఎర్రచీమల గూళ్ళున్న చెట్టు. ఆయన కేకలు బంగళాదాకా వినిపించాయి!

ఆ అడవిలో పులులు గుంపులుగా తిరుగుతాయట అన్న వార్త పాకింది. అతిథులు రావడం మానేశారు. బంగళాకు తాళం పడింది.

సాయంత్రం అందరూ నల్లమద్ది కింద చేరారు. చిటారి చూసిందంతా చెప్పింది. తన కూతల సంగతీ దాచలేదు. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"మరి నీళ్ళో? తొట్టెలో నీళ్ళు పోసేదెవరు?" అన్నాడు జిత్తు పొద చాటునుంచి.

అందరూ ఎండిన వాగువైపు చూశారు. చివరికి నెమలి నెమ్మదిగా అంది. "తొట్టె రాకముందు ఎండాకాలం నీళ్ళు ఎక్కడ తాగేవాళ్ళం?"

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. ఏటా వాగు ఎండగానే ముసలి కోరయ్య కోరలతో ఇసుక తవ్వి చెలమ తీసేవాడు. ఎవరూ అడక్కుండానే తీసేవాడు. ఆ కోరలే ఇప్పుడు గోడ మీద ఉన్నాయి.

కోరయ్య తవ్వే చోటు వెతకడానికే ఒక రోజు పట్టింది. తవ్వడానికి ఇంకో రెండు రోజులు. గిట్టలు అరిగాయి, గోళ్ళు విరిగాయి. మూడో రోజు సాయంత్రానికి ఇసుక తడిసింది. నీరు ఊరింది! తియ్యటి నీరు!

జిత్తు దూరంగా నాలుక వేలాడేసుకుని నిలబడ్డాడు. కొమ్మన్న పక్కకు జరిగి చోటిచ్చాడు.

"రా, తాగు. నీ తల మాకేం అక్కర్లేదు," అన్నాడు.

జిత్తు తల దించుకుని తాగాడు.

పది రోజులు గడిచాయి. ఒకనాటి ఉదయం కొమ్మన్న తల విదిలించాడు. కుడికొమ్ము ఊడి కింద పడింది. మర్నాడు ఎడమది. దుప్పి కొమ్ములు ఏటా రాలిపోతాయి పిల్లలూ, మళ్ళీ కొత్తవి మొలుస్తాయి. కొమ్మన్న వాటిని మూతితో అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"చెల్లీ, వాళ్ళకు కావలసింది ఇవే కదా? పది రోజులు ఆగి అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదా!"

"వాళ్ళకు కావలసింది కొమ్ములు కాదన్నా," అంది చిటారి. "నిన్ను పడగొట్టామని చెప్పుకోవడం."

రాలిన కొమ్ములను ముళ్ళపంది వచ్చి కరకర కొరుక్కుని తిన్నది. చిటారి మళ్ళీ చిటారు కొమ్మ ఎక్కింది. అమ్మమ్మ ఒట్టుకు ఒక మాట కలిపి, ఈసారి తనకు తానే కొత్త ఒట్టు వేసుకుంది.

"చూసిందే కూస్తాను. వెనక కూడా చూసి కూస్తాను."

నీతి: సరదా కోసం ప్రాణం తీసి, ఆ తలను గోడకెక్కించడం మర్యాద కాదు, బదులుగా ఎన్ని నీళ్ళు పోసినా అది మంచిపని అయిపోదు. ఎవరైనా గోడ చూపించి మురిపిస్తే, దాని వెనక ఏముందో చూసి గానీ తల ఊపకండి.