పదకొండు బారల బావి

అనగనగా ఒక ఊళ్ళో ఒక బడి, ఆ బడి వెనకాల ఒక బావి. ఊఁ కొడుతూ వినాలి బుజ్జీ, ఇది నీ హోంవర్కు సంగతే.

ఆ బడిలో మారెక్క అని ఒక పిల్ల తొమ్మిదో తరగతి చదివేది. పిల్ల కష్టపడేదే, కానీ ఫిజిక్సు పుస్తకం చేతిలోకి తీసుకుంటే చాలు, ముఖం వాడిపోయేది. అప్పటికే రెండు పరీక్షలు తప్పింది. వాళ్ళమ్మ చెడ్డదేం కాదు, చెనక్కాయ చేలల్లో కూలికి పోయి అంతవరకూ చదివించింది. మూడోసారి కూడా తప్పితే ఇంక బడి చాలు, నాతోపాటు చేనికి రా అని మాత్రం చెప్పేసింది.

ఒకరోజు రుద్రయ్య సారు పాఠం చివర ఉన్న లెక్కలన్నీ ఇంటికిచ్చాడు. పరీక్షలో ఇవే వస్తాయన్నాడు. అందులో ఏడోది బావి లెక్క. బావిలోకి రాయి వదిలితే రెండు సెకండ్లకు నీళ్ళను తాకింది, మరి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి? అంతే.

మారెక్క సూత్రం చూసుకుని చేసింది. రెండు రెళ్ళు నాలుగు. నాలుగు పదులు నలభై. అందులో సగం ఇరవై. ఇరవై మీటర్లు అని రాసుకుని, పుస్తకం వెనకాల జవాబు చూసింది. అక్కడ నలభై అని ఉంది. పిల్ల ప్రాణం ఉసూరుమంది. చెరిపి మళ్ళీ చేసింది, ఇరవై. ఇంకోసారి చేసింది, ఇరవై. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పడింది గానీ నలభై మాత్రం రాలేదు.

అప్పుడు పక్కింటి శివగంగ దగ్గరికి పోయింది. శివగంగ ఇంటర్ చదువుతోంది, కాస్త టెక్కు కూడా ఉంది. ఆమె చకచకా చేస్తే ఆమెకూ ఇరవయ్యే వచ్చింది. వెనకాల జవాబు చూసింది. చూసి, ఆ సగం మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కింద నలభై అని వేసింది. సగం ఎక్కడికి పోయిందక్కా అని మారెక్క అడిగితే, పై క్లాసులకు వస్తే నీకే తెలుస్తుందిలే అంది.

ఆ తర్వాత గైడు చూసింది. క్లాసు మొత్తానికి ఉన్నది ఒకటే గైడు, అట్ట కూడా లేదు దానికి. మొదటి వరుస బాగానే ఉంది, రెండో వరుసా బాగానే ఉంది. మూడో వరుసలో 'సాధించగా, నలభై మీటర్లు' అని ఉంది. ఎవరు సాధించారో, ఎట్లా సాధించారో ఆ మహానుభావులు రాయలేదు.

ఆ తర్వాత ధైర్యం చేసి సారునే అడిగింది. రుద్రయ్య సారు కొట్టే మనిషి కాదు, కసిరే మనిషీ కాదు. బోర్డు మీద చేసుకుంటూ వచ్చి, సగం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆగి, దాన్ని వేలితో తుడిచేశాడు. వెనకాల నలభై అని వేశారు గదమ్మా, అంత పెద్దవాళ్ళు చూసుకోకుండా వేస్తారా అన్నాడు.

పరీక్ష వచ్చింది. బావి లెక్కా వచ్చింది, నాలుగు మార్కులకు. క్లాసంతా నలభై రాశారు. మారెక్క కూడా అదే రాద్దామనుకుంది. కానీ సూత్రంలో సగం అని ఉంటే, దాన్ని ఏం చెప్పి తీసేయాలో ఆ పిల్లకు తెలియలేదు. ఇరవై అని రాసి వచ్చేసింది.

పేపర్లు ఇచ్చారు. పద్దెనిమిది వస్తే పాసు. మారెక్కకు పదిహేను. బావి లెక్క పక్కన ఎర్ర సిరాతో సున్నా. ఆ పేపరు మీద వాళ్ళమ్మ చేత వేలిముద్ర వేయించుకుని మర్నాడు తేవాలి. వేలిముద్ర పడితే బడి అయిపోయినట్టే.

అన్నం బెల్లు కొట్టారు. మారెక్క తినకుండా పోయి బావి గట్టు మీద కూర్చుంది. అక్కడ ఈరమ్మ నీళ్ళు తోడుతోంది. ఈరమ్మంటే ఆ బడిలో వంట చేసే ఆమె. అక్షరం ముక్క రాదు గానీ నోరు మాత్రం ఇంత ఉండేది. ఏందిమే ఆ ఏడుపు అని గదమాయిస్తే, పిల్ల జరిగిందంతా చెప్పింది.

ఈరమ్మకు లెక్క అర్థం కాలేదు, బావి అర్థమైంది. ఇదిగో బావి, అదిగో రాయి, వేసి చూస్తే పోలా అంది. పుస్తకంలో బావి వేరు గదా అంది మారెక్క. అన్నదే గానీ మళ్ళీ తనే ఆలోచించుకుంది. ఏ బావి అయితే ఏంటి, రాయి పడేది ఒకటే తీరుగా. రెండు సెకండ్లు పట్టిందంటే ఆ లోతూ ఈ లోతూ ఒకటే.

అప్పుడు పోయి సారును చేతి గడియారం అడిగింది. సారు గడియారంతో పాటు తనూ వచ్చాడు, ఆయన వెనకాలే క్లాసంతా వచ్చింది. తాగే నీళ్ళు గదా, ఈరమ్మ రాళ్ళు శుభ్రంగా కడిగి ఇచ్చింది. మొదటి రాయి వదిలితే రెండు సెకండ్లు. రెండో రాయీ అంతే. మూడో రాయి సారే వదిలాడు. అదీ రెండు సెకండ్లే. చూశావామ్మా, అయితే ఈ బావి కూడా నలభయ్యే అన్నాడు సారు.

నలభై మీటర్లంటే ఎన్ని బారలు సార్ అని ఈరమ్మ అడిగింది. బారంటే తెలుసుగా, రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు. సారు లెక్కవేసి ఇరవై రెండు అన్నాడు. ఈరమ్మ బొక్కెన కింద పెట్టింది.

"నా చేంతాడు పన్నెండు బారలు సార్. పదకొండు దిగుతాది, ఒకటి నా చేతిలో ఉంటాది. మరి ఇన్నేండ్లూ నేను తోడుతాండేది గాలా?"

సారు బొక్కెనను నీళ్ళకు తాకేదాకా దించి, గట్టు దగ్గర తాడుకు ముడి వేశాడు. పైకి లాగి వరండాలో పరిచి, మీటరు కర్రతో తనే వంగి వంగి కొలిచాడు. ఇరవై, ఒక జానెడు తక్కువ.

సారు తడి తాడు పక్కనే కూలబడ్డాడు. తలెత్తి మారెక్కను చూశాడు.

"ఎనిమిదేండ్ల నుంచి ఈ లెక్క ఇట్లాగే చెప్తాండాను మారెక్కా. మొదటిసారి చేసినప్పుడు నాకూ ఇరవయ్యే వచ్చింది."

ఆ మాట అందరి ముందూ అన్నాడు బుజ్జీ. నాకు ఆ సారంటే అప్పటి నుంచే గౌరవం. ఆ తర్వాత తన పుస్తకంలో నలభై కొట్టేసి ఇరవై వేశాడు. మారెక్క పేపరులో సున్నా కొట్టేసి నాలుగు వేశాడు. మిగతా పిల్లల మార్కులు తీయలేదు, తప్పు వాళ్ళది కాదుగా.

మర్నాడు పొద్దున మారెక్క వాళ్ళమ్మ, పందొమ్మిదంటే పాసేనా అని మూడుసార్లు అడిగి, వేలిముద్ర వేసి, ఒక్కతే చేనికి పోయింది.

మరి ఈరమ్మ ఏమైందా? ఇదిగో, నా చేతులు పట్టుకుని చూడు. చేంతాడు ఒరుసుకున్న గీతలు ఇంకా పోలేదు. నీ లెక్కలు ఈ ఈరమ్మకు ఇప్పటికీ రావు. కానీ నీ నోటుబుక్కులో చిల్లు పడటం మాత్రం చూశాను. పొద్దున్నే లేచి నీకు వచ్చిన జవాబే మళ్ళీ రాయి. అనుమానమైతే కొలుద్దాం, తాడు నేను పట్టుకుంటా.

రాయేమో బావికి,
తాడేమో గిలకకి,
కథేమో కంచికి,
మనమేమో నిద్దరకి.