కన్నమ్మ తిట్టని పూట

ఆ ప్రశ్న ఉదయం అడిగిందో, భోజనాల తరువాత అడిగిందో నాకిప్పుడు నిశ్చయంగా తెలియదు. శబరి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమ వైద్యశాలకు నేను చిన్నపాటి రాతపనులలో సాయానికని వెళ్ళి, మహమ్మారి వల్ల అక్కడే చిక్కుకుపోయాను. ఆ నెలలన్నీ నా జ్ఞాపకంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ప్రశ్న మాత్రం చెరగలేదు. అడిగినది మృదుల, పట్నంలో వైద్యం చదివి, పెద్ద డాక్టరు పరాంకుశం గారి దగ్గర శిష్యరికానికి వచ్చిన అమ్మాయి.

"గురువుగారూ, ఈ జబ్బు మనిషి పుట్టుకను చూడదంటున్నాం. మరి అవతలి ఒడ్డు కోయవాళ్ళే ఎక్కువగా ఎందుకు పోతున్నారు? ఆలస్యంగా వస్తారనా?"

ప్రశ్నకు వెంటనే బదులిచ్చే అలవాటు ఆయనకు లేదు. చేతులు కడుక్కుని, రోగులున్న వరండా వైపు నడిచారు. మేమిద్దరం వెంట వెళ్ళాం.

అక్కడ కన్నమ్మ అనే కోయ స్త్రీ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. పక్కన భర్త జోగయ్య. మృదుల ఆమె వేలికి ఆక్సిజన్ చూసే పరికరం తొడిగింది. తొంభై అయిదు. మిగిలి ఉన్నది ఒక్క పడక. అంకె అంతకంటే తగ్గితేనే చేర్చుకోవాలన్నది మా నియమం.

"భయం లేదు. మందులిస్తాను, ఇంటికి తీసుకెళ్ళు," అంది మృదుల. రేవులో పడవవాడు అప్పటికే కేకలేస్తున్నాడు.

జోగయ్య కదలలేదు. "పొద్దుట్నించీ నన్ను తిట్టలేదు డాక్టరమ్మా."

మృదులకు నవ్వొచ్చింది. "మంచిదేగా!"

"నీకు తెలవదమ్మా. అది జొరంలో కూడా తిడతది."

పరాంకుశం గారు కన్నమ్మ ఎదుట నేల మీద కూర్చున్నారు. "ఏం కన్నమ్మా, మీ ఆయన చేసిన తెలివితక్కువ పనులు చెప్పు, వింటాను."

ఆమె కళ్ళలో ఉత్సాహం కదిలింది. "సంతలో..." అని ఆగింది. ఊపిరి పీల్చుకుంది. "కోడిని..." మళ్ళీ ఆగింది. కోడికి ఏమైందో ఆ పూట మాకు తెలియలేదు.

పడవను వెళ్ళిపోనివ్వమన్నారు గురువుగారు. కన్నమ్మ మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి పరీక్ష చేయించారు. పరికరం చూపినదానికంటే ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంది. ఆమెను వెంటనే ఆ మిగిలిన పడక మీదికి చేర్చారు. మృదుల పరికరాన్ని తన వేలికి పెట్టుకుని చూసింది, నా వేలికీ పెట్టింది. "ఇది చెడిపోయిందా?"

"చెడిపోలేదు. వెలుతురును చర్మంలోంచి పంపి లెక్క కడుతుంది. నల్లటి చర్మం మీద ఒక్కొక్కప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దాన్ని తయారుచేసి సరిచూసినప్పుడు కన్నమ్మలాంటివాళ్ళ వేళ్ళు ఎన్నింటికి తొడిగి చూశారో మరి."

కొన్నాళ్ళకు ఒక ఉదయం వార్డులోంచి పెద్ద గొంతు వినిపించింది. సంతలో ఎవడో బావా అని పిలిచాడని పెట్టకోడిని ఊరికే ఇచ్చివచ్చిన మొగుడి వంశం యావత్తూ ఆ గొంతు కింద నలుగుతోంది. మధ్యలో ఎక్కడా ఊపిరి తెగలేదు. జోగయ్య గుమ్మంలో నిలబడి, తల వంచుకుని, హాయిగా తిట్లు తింటున్నాడు. ఎవరూ ఆమెను నెమ్మదిగా మాట్లాడమనలేదు. వంటవాళ్ళు సైతం పని ఆపి విన్నారు.

మృదుల గురువుగారి పక్కకు వచ్చింది. "కోయవాళ్ళు ఆలస్యంగా వస్తారనా అని నేనడిగిన దానికి మీరింకా జవాబు చెప్పలేదు," అంది.

"ఆమె వేళకే వచ్చిందమ్మా," అన్నారాయన.

కన్నమ్మకు ముందు అలాంటి అంకెలే చూపించుకుని తిరుగు పడవ ఎక్కినవాళ్ళు ఉన్నారు. రక్తపరీక్ష జరిగిన సాయంత్రమే మృదుల వాళ్ళను వెతుక్కుంటూ ఏరు దాటింది. అక్కడ ఎవరిని చూడగలిగిందో, ఎవరిని చూడలేకపోయిందో తిరిగివచ్చి నాకు చెప్పింది. దాన్ని నేనిక్కడ కావాలనే రాయలేదు.