కాదనే మేక

హైమావతి కూతురు శాంభవి నాలుగు రోజులుగా బొమ్మ ముట్టుకోవడం లేదు.

ఏడేళ్ళ పిల్ల. పైగా దసరా సెలవులు. ఇంట్లో కర్ర ముక్కలున్నాయి, రంగులున్నాయి, గరుకు కాగితం ఉంది. ఉన్నది కొండపల్లిలో, ఏ వాకిట్లో చూసినా ఎవరో ఒకరు బొమ్మకు రంగు వేస్తూ కనిపించే వీధిలో. అయినా ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు గిల్లుకుంటోంది. రంగులు వేద్దాం రావే అంటే, “నువ్వెయ్యి” అంటుంది. కర్ర ముక్క చేతికిస్తే, “నాకు రాదు” అని కింద పెట్టేస్తుంది. నాలుగేళ్ళ తమ్ముడు చంటి పిల్లి తోకకు ఎర్ర రంగు పూసి దాని వెంట ఇల్లంతా పరిగెత్తితే కూడా నవ్వలేదు.

ఆ “నాకు రాదు” అన్న మాటే హైమావతిని కోసేస్తోంది. మొన్నటిదాకా ఆ పిల్ల నోట ఆ మాట లేదు. ఏడేళ్ళకే అలవాటైతే ఇక దేనికైనా అదే మాట అంటుంది కదా అని ఆమె భయం.

పంచమి నాడు పొద్దున్నే ఆ దిగులంతా తీసుకెళ్ళి గురువుగారి ముందు పెట్టింది.

గురువుగారంటే ముక్తేశ్వరం గారు. డెబ్భై దాటిన మనిషి. ఆయన షెడ్డులో హైమావతి పన్నెండేళ్ళుగా పని నేర్చుకుంటోంది, చేస్తోంది. కొండపల్లి బొమ్మ ఒక్క కర్రలో చెక్కేది కాదు. తల, చేతులు, కాళ్ళు వేరు వేరుగా చెక్కి అతికిస్తారు. అతుకుల సందుల్లో చింతగింజల జిగురూ, రంపపు పొట్టూ కలిపిన ముద్ద పూడుస్తారు. దాన్ని మక్కు అంటారు. మక్కు పెట్టడంలో హైమావతి తర్వాతే ఎవరైనా. ఆమె చేసిన బొమ్మకు చెయ్యి ఎక్కడ అతికిందో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికంటే బాగా హైమావతికే తెలుసు.

“దానికి ఓర్పు లేదండీ,” అంది ఆమె. “రెండు రోజులు సరదాగా చేసింది. తర్వాత మొహం తిప్పేసుకుంది. ఈసారి కొలువులో కింది మెట్టంతా పిల్లలు చేసిన బొమ్మలే పెడదామని ఖాళీగా వదిలానండీ. దశమికి అది ఖాళీగానే ఉండేట్టుంది.”

“ఆ రెండు రోజులూ ఏం చేసింది?”

హైమావతి సంచిలోంచి ఒక మేక బొమ్మ తీసి ఇచ్చింది. తెల్లటి మేక, నల్ల మచ్చలు, చక్కటి కొమ్ములు. అంగట్లో పెడితే గంటలో అమ్ముడుపోతుంది.

“శాంభవి చేసిందా ఇది?”

“అదే చేసిందండీ. కాళ్ళు వంకరగా ఉంటే నేను కాస్త ఆకురాయి పట్టాను. మూతి మళ్ళీ గీశాను.”

“రంగు?”

“రంగు దానిదే.” ఒక్క క్షణం ఆగి, “తెలుపు దానిదేనండీ. మచ్చలు నేను సరిచేశాను,” అంది. “మెడ దగ్గర మాత్రం వేలు పట్టేంత సందు వదిలేసింది. మధ్యాహ్నం అది నిద్రపోయినప్పుడు మక్కు పెట్టి పూడ్చేశాను.”

గురువుగారు మేక తలను వేలితో తట్టారు. కదల్లేదు. మళ్ళీ తట్టారు. బండలా ఉంది.

“తల ఊగాలని వదిలిందటండీ,” అంది హైమావతి గొంతు తగ్గించి. “లేచి తట్టి చూసింది. ‘ఇది నాది కాదు, నీది’ అంది. అప్పట్నుంచే ఈ అలక. అయినా అంత సందు ఉంటే ఎవరైనా ఏమంటారండీ? హైమావతి కూతురు చేసిన బొమ్మ ఇదా అనరూ?”

ముక్తేశ్వరం గారు మేకను ఆమె చేతికి తిరిగి ఇచ్చారు.

“నీ పనిముట్లన్నీ తీసుకురా.”

ఆమె తెచ్చింది. ఉలి, బాడిస, ఆకురాయి, కుంచెలు, మక్కు గిన్నె. ఆయన షెడ్డు మూలన దుర్గమ్మ పటం ముందు ఎర్ర గుడ్డ పరిచారు. ఒక్కొక్కటీ తుడిచి దాని మీద వరసగా పెట్టారు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. పైన రెండు మందారాలు ఉంచారు.

హైమావతికి అర్థం కాలేదు. “గురువుగారూ, ఇవాళ పంచమండీ. ఆయుధపూజకు ఇంకా నాలుగు రోజులున్నాయి.”

“నీవాటికి ఈ ఏడు ముందుగానే.”

“చేతిలో పని ఉందండీ! బెజవాడ వాళ్ళ దశావతారాలు ఎల్లుండికి ఇచ్చెయ్యాలి. సగం కూడా కాలేదు.”

“నేను చేస్తాను.”

ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పూజలో పెట్టిన పనిముట్టును దశమి దాకా ముట్టుకోరు. వేరేవాళ్ళ పనిముట్లు అడిగి ఎరువు తెచ్చుకోవడం అంతకంటే తప్పు. తల తీసేస్తామన్నా హైమావతి ఆ పని చెయ్యదు. మేక ఒక్కటే మిగిలిన సంచి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

“మరి ఇంటి దగ్గర నేనేం చెయ్యాలండీ?”

“కూర్చో,” అన్నారు గురువుగారు.

ఆమె ఇంటికొచ్చి కూర్చుంది. వినడానికి తేలికే గాని, పదహారో ఏట నుంచి ఉలి పట్టిన మనిషికి ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే తెలుస్తుంది. బియ్యం ఏరింది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

సాయంత్రానికి శాంభవి కనిపెట్టింది. కిటికీ దగ్గర నుంచే అడిగింది.

“అమ్మా, నీ ఉలేది?”

“దుర్గమ్మ దగ్గరుంది.”

“ఆకురాయి?”

“అదీ అక్కడే.”

“మక్కు గిన్నె?”

“అన్నీ పూజలో ఉన్నాయి. దశమి దాకా నేను ముట్టుకోకూడదు.”

పిల్ల లేచి వచ్చి మంచం కింద చూసింది. అలమార తెరిచి చూసింది. తల్లి కొంగుముడి విప్పి మరీ చూసింది. పోలీసులు కూడా అంత శ్రద్ధగా వెతకరు.

“మరి నేను బొమ్మ చేస్తే ఎవరు బాగు చేస్తారు?”

“ఎవరూ చెయ్యరు. నా దగ్గర ఏముంది?” అని హైమావతి రెండు చేతులూ చాపి చూపించింది.

శాంభవి ఆ చేతుల్ని చూసింది. మర్నాడు తెల్లారేసరికి కర్ర ముక్కల పెట్టె మంచం కింద నుంచి నడవలోకి వచ్చేసింది.

ఇక మొదలైంది. మక్కు లేదు కాబట్టి అన్నం మెతుకులు నలిపి జిగురు చేసుకుంది. చంటిని జిగురు గిన్నెకు కాపలా పెట్టింది. వాడు కాపలా కాస్తూ సగం తినేశాడు. ఉలి లేదు కాబట్టి నేల మీద గరుకు కాగితం పరిచి, దాని మీద కర్రను అటూ ఇటూ రుద్దింది. బొమ్మలు చేసే పొణికి కర్ర మెత్తన కాబట్టి నడిచింది. మధ్యాహ్నానికి ఒక కాలు తయారైంది. సాయంత్రానికి ఇంకో మూడు. అందులో ఒకటి పొట్టి. ఆ పొట్టి కాలు కింద చిన్న అట్టముక్క అతికించి, “దీనికి చెప్పు తొడిగా” అని తమ్ముడికి చెప్పింది.

హైమావతి గోడకు ఆనుకుని కూర్చుని అంతా చూస్తోంది. ఆ కాలును ఒక్కసారి, ఒకే ఒక్కసారి సరిగ్గా రుద్దితే చాలు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అష్టమి నాడు మెడ దగ్గరికి వచ్చింది పని. శాంభవి తలకు ఒక చిల్లు పెట్టింది. లోపల దారంతో గులకరాయి కట్టింది, బరువుకు. మేకు తీసుకుంది. అల్లం దంచే పొత్రం సుత్తిగా తీసుకుంది.

తల పైకీ కిందికీ ఊగాలంటే మేకును ఈ చెవి వైపు నుంచి ఆ చెవి వైపుకు అడ్డంగా దించాలి. పిల్ల ముందు నుంచి వెనక్కి పెట్టింది.

అలా కొడితే తల పక్కలకు ఊగుతుంది. రెండు రోజుల కష్టమంతా వృథా. పనిముట్లు గురువుగారి దగ్గర ఉన్నాయి. నోరు మాత్రం తన దగ్గరే ఉంది. ఒక్క మాట చాలు.

నోరు తెరిచింది కూడా. అప్పుడు ఆమెకొక సంగతి తట్టింది. ఈ పన్నెండేళ్ళలో గురువుగారు తన బొమ్మ మీద ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు. ఆయనకు తనంటే అంత పట్టింపు లేదని మొదట్లో ఎన్నిసార్లు ఏడ్చిందో.

నోరు మూసుకుంది.

పొత్రం పడింది. టక్, టక్, టక్. మేకు దిగిపోయింది.

శాంభవి బొమ్మను నేల మీద నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, వేలితో తల తట్టింది.

మేక తల కుడికి వాలింది. ఎడమకు వాలింది. మళ్ళీ కుడికి. ససేమిరా, ససేమిరా అన్నట్టు ఊగుతూనే ఉంది.

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. హైమావతి ఇక ఏడుపే అనుకుంది.

“కాదంటోంది!” అని అరిచింది శాంభవి. “అమ్మా! నా మేక కాదంటోందే!”

మేకను రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. దాని వెనక చంటి, వాడి వెనక ఎర్ర తోక పిల్లి. అలా మూడు వీధులు తిరిగొచ్చారు. కనబడిన ప్రతివాళ్ళనీ ఆపి మేకను ఏదో ఒకటి అడగమన్నారు. మేక అందరికీ కాదనే చెప్పింది.

దశమి సాయంత్రం పేరంటానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. హైమావతి కొలువంటే ఏటా చూడ్డానికి వస్తారు. పై మెట్టు మీద ఆమె చేసిన అంబారీ ఏనుగు ఉంది, చూపు తిప్పుకోలేని బొమ్మ. కింది మెట్టు మీద నాలుగు కాళ్ళలో ఒక దానికి చెప్పు తొడుక్కుని, మెడలో ఎండిన మెతుకులు కనబడుతూ మేక నిలబడి ఉంది.

పక్కింటి వెంకాయమ్మగారు ముందుగా వంగి అడిగారు. “ఏమే మేకా, మా ఆయన మంచివాడేనంటావా?”

శాంభవి తల తట్టింది. మేక కాదంది. ఇల్లు గొల్లుమంది.

అంతే, ఇక ఆగలేదు. కోడలు అత్తను గురించి అడిగింది. అత్త కోడలి వంట గురించి అడిగింది. వరసలో నిలబడి మరీ అడిగారు. శనగలు పొట్లాల్లోనే ఉండిపోయాయి. అంబారీ ఏనుగు వైపు ఒక్కరూ చూడలేదు. హైమావతికి కొంచెం కష్టంగానే అనిపించింది. కొంచెమే. కూతురి మొహం చూస్తే అదీ పోయింది. ఆ పిల్ల ఊరికి సర్పంచ్ అయినట్టు మెట్టు పక్కన నిలబడి, “ఒక్కొక్కళ్ళే రావాలి” అంటోంది.

అప్పుడే ముక్తేశ్వరం గారు వచ్చారు. చేతిలో హైమావతి పనిముట్ల మూట ఉంది. ఆడవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మేక ముందు కూర్చున్నారు.

“ఏమమ్మా మేకా, హైమ లేకుండా దశావతారాలు నేనే చేశాను. బాగా చేశానా?”

మేక కాదంది.

అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు. “నిజమే. చేప మూతి వంకర పోయింది.”

నవ్వుల మధ్య వెంకాయమ్మగారు శాంభవి బుగ్గ గిల్లారు. “బాగుంది గానే పిల్లా, అన్నిటికీ కాదంటే ఎట్లా? ఒక్కసారైనా అవునని అనదా నీ మేక?”

పిల్ల నవ్వు ఆగిపోయింది. మేకను చేతిలోకి తీసుకుంది. తిరగేసి మెడ కిందికి చూసింది. తలను వేలితో పైకి నెట్టి చూసింది, రాలేదు. హైమావతికి కిటికీ, గోళ్ళు గిల్లుకునే పిల్ల, “నాకు రాదు” అన్న మాట, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి.

“ఇది ఇంతే,” అంది శాంభవి చివరికి. “ఇది కాదనే మేక.” దాన్ని మళ్ళీ మెట్టు మీద పెట్టింది, జాగ్రత్తగా, చెప్పు ఊడకుండా. “అవుననేది ఇంకోటి చేస్తా.”

గబగబా తల్లి దగ్గరికి వచ్చి ఆమె మోకాళ్ళ మీద మోచేతులు ఆనించింది.

“అమ్మా, తల పైకీ కిందికీ ఊగాలంటే మేకు ఎటు కొట్టాలి?”

హైమావతి కళ్ళ నిండా నీళ్ళతో గురువుగారి వైపు చూసింది.

ఆయన మూట కింద పెట్టారు.

“ఇప్పుడు చెప్పు,” అన్నారు.