గవ్వ పట్టిన మౌనం

ఏదైనా అడిగితే మా పూర్ణయ్య స్వామి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అందుకే మా తోటి శిష్యుడు విరూపాక్షం ప్రశ్నతోపాటు ఉదాహరణ కూడా తనే తెచ్చుకున్నాడు. "స్వామీ, లోపల ఏమున్నా పైకి పలకనివాడికే కదా నిజమైన ఓర్పు ఉన్నట్టు? మన గవ్వనే చూడండి."

గవ్వ మా ఆశ్రమం కుక్క. మాది సాలూరు కొండల కింద మౌనం పాటించే ఆశ్రమం. పొద్దున్న రెండు గంటలు గరిటె చప్పుడైనా నేరమే. ఆ వేళలో గుర్రుమంటోందని విరూపాక్షం బెత్తం పట్టి, ఆర్నెల్లలో దాని నోరు మూయించాడు. మేమంతా ఆ ఘనకార్యాన్ని తెగ మెచ్చుకున్నాం, సిగ్గులేకపోతే సరి!

అతను ఆ ప్రశ్న అడిగేసరికి వంటమనిషి సన్యాసమ్మ మనవరాలు, రెండేళ్ల పైడి, అరుగు మీద గవ్వ మెడ వాటేసుకుని చెవి లాగుతోంది. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి మురిసిపోతోంది.

"చూశారా, కిక్కురుమనదు!" అన్నాడు విరూపాక్షం.

గవ్వ ఆవులించింది. "నిద్రొస్తోంది పాపం," అన్నాడు. ఏమీ తినకుండానే మూతి నాక్కుంది. మొహం అటు తిప్పుకుంది. పిల్ల ఆ మొహాన్ని రెండు చేతులా పట్టి మళ్ళీ తనవైపు తిప్పుకుంది. గవ్వ కంటి చివర తెల్లగుడ్డు కనబడింది, ఒళ్ళంతా కొయ్యలా బిగిసింది.

డెబ్బై ఆరేళ్ల స్వామి చేతికర్ర మాట మరిచి ఒక్క ఉదుటున వెళ్లి పిల్లని లాగేసుకున్నారు. టప్పుమని గవ్వ పళ్ళు మూసుకున్నాయి. పైడి బుగ్గకి అందాల్సిన కాటు స్వామి ఉత్తరీయానికి అందింది. గవ్వ తోక ముడుచుకుని నీళ్లతొట్టి వెనక్కి పోయింది.

"ఓలమ్మో, నా గుంట!" అని సన్యాసమ్మ గొల్లుమంది. విరూపాక్షం బెత్తం అందుకున్నాడు. "ఒక్క మాటైనా చెప్పకుండా కరవబోయింది, దొంగది!"

"చెప్పకపోవడమేంట్రా? ఆ ఆవులింత మొదలు నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి గుర్రుమని గట్టిగా చెప్పేదే, నువ్వు చెప్పనిస్తేగా!" స్వామి బెత్తం లాక్కుని, మోకాలికి ఆనించి విరిచి, పొయ్యిలో పెట్టమని సన్యాసమ్మకిచ్చారు. "ఇవాళ్టి నుంచి గవ్వకి మౌనం లేదు. పిల్ల దాని దగ్గరుంటే పెద్దవాళ్లొకరు పక్కన ఉండి తీరాలి. జపమైనా, ధ్యానమైనా సరే."

గవ్వకి గొంతు తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. మొన్న ధ్యానంలో ఉండగా అరుగు మీంచి సన్నగా గుర్రుమని వినిపించింది. అక్కడ కాపలా ఉన్న సన్యాసమ్మ కూర్చున్నచోటే కునుకు తీసిందట. అందరికన్నా ముందు విరూపాక్షం లేచి పరిగెత్తాడు. పైడిని ఎత్తుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. అది అతని గడ్డం పీకుతున్నా ఊరుకున్నాడు.

మౌనం ముగిశాక భయపడుతూ అన్నాడు: "నా ధ్యానం చెడింది స్వామీ."

స్వామి పైడి బుగ్గ నిమిరారు. "పైకి పలకనివాడికే కదా ఓర్పు అన్నావే, ఆనాటి ప్రశ్న, ఇప్పుడు అడుగు."