గోరింక నోరు, రెల్లు దారి

నల్లవాగు ఒడ్డున ఆరెకరాల రెల్లు. ఎంత ఎత్తంటే, ఎద్దు అందులోకి దిగితే కొమ్ములు తప్ప ఇంకేమీ కనబడవు. ఆ రెల్లు నడుమ ఒక నేరేడు చెట్టు ఉంది. చెట్టు అందరికీ కనిపిస్తుంది, దానికి దారి మాత్రం ఎవరికీ ఓ పట్టాన దొరకదు. అలా దొరక్కుండా చేసినవాడు సూదయ్య అనే ఏదుపంది.

సూదయ్య పనిమంతుడు. రెండేళ్ళపాటు రెల్లు దుబ్బుల్ని మొదలంటా కొరికి దారులు తీశాడు. ఒక దారిని రెండుగా చీల్చాడు. రెంటిలో ఒకదాన్ని ఎటూ పోకుండా మూసేశాడు, రెండోదాన్ని తిప్పి తిప్పి మళ్ళీ మొదటికే తెచ్చాడు. అడ్డంగా దూరేసే గడుసువాళ్ళు ఉంటారని తెలుసు గనక, ఒంటి నుంచి రాలిన తన ముళ్ళే ఏరి దారికి రెండు పక్కలా గుచ్చాడు. అప్పుడు వాగొడ్డున అందరికీ కబురు పెట్టాడు. ఒక దుంప ఇచ్చి లోపలికి పోవచ్చు, నేరేడు చెట్టు దాకా చేరితే కడుపారా పళ్ళు తినొచ్చు, చేరకపోతే నవ్వుకుంటూ వెనక్కి రావచ్చు.

ఆ దుంపలే సూదయ్యకు తిండి. వయసు మీద పడింది, కొండ దాకా నడిచి తవ్వుకునే ఓపిక లేదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఆ ఆటే అతని పొలం, అతని పాడి.

మొదట్లో రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. తర్వాత ఒక గోరింక వచ్చి రెల్లు పక్కనున్న తుమ్మ కొమ్మ మీద వాలింది. పైనుంచి దానికి లోపలి దారులన్నీ అరచేతిలో గీతల్లా కనిపించేవి. చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టింది. "కుందేలు అల్లుడు కుడికి తిరిగాడు. వద్దు నాయనా, నిన్న ఉడత ఏడ్చిన మలుపు అదే. విన్నాడా? వినలేదు. ఇక చూడండి, వచ్చిన దారినే వస్తూ తన తోకనే చూసి ఎవరో అనుకుంటాడు." ఇలా సాగేది దాని కథ.

ఆ కథ వినడానికి తుమ్మ చెట్టు కింద చేరినవాళ్ళలో ముసలెద్దు ముఖ్యం. దాని కొమ్ములకు ఆ దారులు చాలవు, మోకాళ్ళు ఆ మలుపులు తిరగలేవు. ఆడలేదు కాబట్టి వినేది. వింటూ మేసేది. అది అడుగు తీసి అడుగు వేస్తే గడ్డిలోంచి మిడతలు లేచేవి, గోరింక వాటిని పట్టుకు తినేది. చెప్పినందుకు కూలి అదే. విన్నవాళ్ళలో సగం మంది, ఆ కుందేలు కన్నా మనమే నయం అనుకుని మర్నాడు దుంప పట్టుకుని వరసలో నిలబడేవారు. సూదయ్య కలుగు నిండింది. ఎందుకు నిండిందో మాత్రం అతను ఆలోచించలేదు. కడుపు నిండినవాడికి కారణాలు అక్కర్లేదు కదా.

ఇలా ఉండగా ఒకనాడు నక్క వచ్చి దుంప ఇచ్చి లోపలికి పోయింది. మూడు మలుపులు తిరిగాక విసుగు పుట్టి, ఎవరు చూడొచ్చారులే అని రెల్లులోకి అడ్డంగా దూరింది. సూదయ్య ముల్లు ఒకటి సరిగ్గా తోక మొదట్లో దిగింది. పైనున్న గోరింక ఆ సంగతి కూడా దాచకుండా, దూరిన చోటు నుంచి దిగిన చోటు దాకా చెప్పేసింది. గట్టు మీద నవ్వులు వాగు అవతలికి వినిపించాయి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ వేళ నుంచి నక్క గోరింక మీద పళ్ళు నూరుతూనే ఉంది.

దానికి సందు కూడా దొరికింది. ఒకరోజు గోరింక మాటల జోరులో, చెట్టుకు చేర్చే చివరి మలుపు ఎక్కడుందో చెప్పేసింది. ఇంకేం, మర్నాడు మూడు కుందేళ్ళు తిన్నగా నడిచిపోయి పళ్ళు తిని వచ్చాయి. ఒక్కటీ తికమక పడలేదు, ఒక్కటీ నవ్వలేదు. సూదయ్య మనసు చివుక్కుమంది. పాపం, రెండేళ్ళు కొరికి తీసిన దారులు కదా అవి.

ఆ సాయంత్రమే నక్క వచ్చి పక్కన కూర్చుంది. బావా బావా అంటూ ఆరోగ్యం అడిగింది, మోకాళ్ళు అడిగింది, దారుల పనితనం పొగిడింది. చివరికి అసలు మాటకు వచ్చింది.

"సొమ్మొకడిది, సోకొకడిది బావా. కొరికింది నువ్వు, కొవ్వెక్కింది గోరింక. నీ ఆట చూపించి అది మిడతలు తింటోంది. చివరి మలుపు కూడా అమ్మేసుకుంది. రేపు ఎవడు వస్తాడు నీ దగ్గరికి?"

"కొత్త మలుపు తీస్తాలే," అన్నాడు సూదయ్య.

"ఎన్ని తీస్తావు? పైన ఆ నోరున్నంత కాలం నువ్వు తీస్తూనే ఉండాలి. దాని నోరు కట్టు, నీ బతుకు నిలబడుతుంది."

సూదయ్యకు ఆ మాట తేనెలా దిగింది. నక్క అక్కడికక్కడే కట్టుబాటు కూడా అల్లి ఇచ్చింది. యజమాని సెలవు లేనిదే, ఈ ఆటలో ఏం జరిగినా, ఎవరికి జరిగినా, ఎవరూ బయట ఒక్క ముక్క పలకకూడదు. పలికితే తుమ్మ చెట్టు మీద చోటు లేదు. 'ఎవరికి జరిగినా' అన్న మాట నక్క ప్రత్యేకంగా వేయించుకుంది. తోక ఇంకా సలుపుతోంది మరి.

మర్నాడే సూదయ్య నక్కను పక్కన ఉంచుకుని ఆ కట్టుబాటు అందరికీ వినిపించాడు. గోరింక, చివరి మలుపు చెప్పడం తన తప్పేనని ఒప్పుకుంది, ముక్కు రెక్కలో పెట్టుకుని కూర్చుంది. ముసలెద్దు ఒక్కటే సూదయ్య దగ్గరికి వచ్చింది.

"సూదయ్యా, ఎలుక ఉందని ఇల్లు తగలబెట్టుకుంటారట్రా? ఒక్క మలుపు చెప్పిందని మొత్తం నోరు కట్టావు."

"నా దారులు తాతా. నా ఇష్టం."

"నీవే. కాదన్నదెవరు," అని ఎద్దు మేతకు వెళ్ళిపోయింది.

ఆ వారం వరస తగ్గి రోజుకు పదిమందే వచ్చారు. పై వారం ముగ్గురు. ఆరుద్ర కార్తె వాన పట్టుకుంది. కథ లేకపోయేసరికి, లోపల ఏదో గడ్డి ఉందట అనుకుని జనం అటు చూడడమే మానేశారు. వానకు రెల్లు ఏపుగా లేచింది. ఇన్నాళ్ళూ దారుల్లో తిరిగే కాళ్ళే మొలకల్ని తొక్కి దారిని దారిగా నిలిపాయని సూదయ్యకు అప్పుడు తెలిసింది. కొరుకుదామని దిగాడు. ఇటు కొరికితే అటు మొలిచింది. రెండేళ్ళ నాటి పళ్ళు కావు ఇప్పుడు. కలుగులో దుంపలు అడుగంటాయి. ఇంకో పదిరోజులు ఇలాగే పోతే ఆటా ఉండదు, తిండీ ఉండదు. దారి మొదట్లో కూర్చుని సగం మూసుకుపోయిన ఆ దారి నోటిని చూస్తూ ఉండిపోయాడు.

అలా కూర్చుని ఉండగా లోపల్నుంచి అలికిడి వినిపించింది.

నక్క. నేరేడు పళ్ళు విరగకాసి నేల రాలుతున్నాయని వాసన తగిలింది దానికి. ఆడేవాళ్ళు లేరు, చూసి చెప్పే నోరు లేదు, ఇక తిన్నవాడిదే పండు అనుకుని పొద్దున్నే దుంప ఇవ్వకుండా వెనక నుంచి దూరింది. దూరాక తెలిసింది, దారులు అల్లుకుపోయాయని. ముందుకు పోతే రెల్లు, పక్కకు పోతే ముళ్ళు. ఎంత తిరిగినా చెట్టు వాసన వస్తోంది గాని చెట్టు రావడం లేదు. మధ్యాహ్నం దాటేసరికి సిగ్గు వదిలి తల పైకెత్తింది.

"గోరింకమ్మా, పైనుంచి నీకంతా కనిపిస్తుంది కదా. ఎటు తిరగాలో ఒక్క మాట చెప్పు తల్లీ."

గోరింక ముక్కు రెక్కలోంచి తీయలేదు.

"చెవుడు వచ్చిందా నీకు?" అంది నక్క.

తుమ్మ చెట్టు కింద నెమరేస్తున్న ఎద్దు నింపాదిగా జవాబిచ్చింది. "దానికి చెవుడు రాలేదు నక్కా, కట్టుబాటు వచ్చింది. ఏం జరిగినా, ఎవరికి జరిగినా అన్నావు కదా. నీకు జరుగుతోంది."

"అది వేరేవాళ్ళ కోసం వేసింది తాతా."

"కట్టుబాటుకు మొహాలు తెలియవు," అని ఎద్దు మళ్ళీ నెమరులో పడింది.

ఇదంతా సూదయ్య విన్నాడు. తన నోటితో అనిపించిన మాట ఎవరి తోక కోసం పుట్టిందో అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది గాని, కోపంతో రెల్లు తగ్గదు కదా. మూసుకుపోయిన దారుల వంక చూశాడు, లోపల కదులుతున్న నక్క వంక చూశాడు. నాలుగు బలమైన కాళ్ళు. మెల్లగా లేచి తుమ్మ చెట్టు కిందికి వెళ్ళాడు.

"చెల్లే, నీ నోరు నీకిచ్చేశాను. చివరి మలుపు ఒక్కటి నాకు వదిలెయ్. మిగతాదంతా నీ ఇష్టం."

"వదిలేశానన్నా," అంది గోరింక. "మరి నక్క మామను ఎటు తిప్పమంటావు?"

"ఆడడానికే వచ్చాడుగా. ఏ దారీ మిగల్చకుండా చూపించు."

గోరింక గొంతు సవరించుకుంది. పదిహేను రోజుల మాటలు లోపల ఊరి ఉన్నాయేమో, వాన వెలిసిన వాగులా పారింది. "ఎడమకు మామా. అదిగో, రెల్లు తొక్కుకుంటూ రా. బాగా తొక్కు, లేకపోతే కాలు చిక్కుకుంటుంది. ఇప్పుడు కుడికి. అయ్యో, ఇది మూసిన దారి, వెనక్కి పద. వింటున్నారా జనం, మామ మహా ఓపికగా ఆడుతున్నాడు." ఆ గొంతు విని ముందు ఉడతలు వచ్చాయి, తర్వాత కుందేళ్ళు, ఆ తర్వాత వాగు అవతలి ముంగిస కుటుంబం పిల్లాజెల్లాతో సహా. ప్రతి మలుపుకూ ఒక నవ్వు. నవ్వు వినబడినప్పుడల్లా నక్క ఇంకాస్త కసిగా తొక్కింది.

పొద్దు వాలే వేళకు అది దారి మొదట్లో బయటపడింది. ఒళ్ళంతా రెల్లు నూగు, నోట్లో ఒక్క నేరేడు పండు లేదు. వెనక్కి తిరిగి చూస్తే, ఏముంది, ఆరెకరాల రెల్లులో సూదయ్య తీసిన దారులన్నీ చాప పరిచినట్టు తెరుచుకుని ఉన్నాయి. చివరి మలుపు ఒక్కటే మూసి ఉంది.

"దారులు బాగుచేసిన కూలీకి ఏమిస్తావు సూదయ్యా?" అని అడిగింది ఎద్దు.

సూదయ్య నక్క వంక చూశాడు. "పొద్దున దుంప ఇవ్వకుండా దూరాడు కదా తాతా. అది వదిలేస్తున్నా."

మర్నాడు తెల్లవారేసరికి రెల్లు ముందు వరస వాగు మలుపు దాకా ఉంది. చివరి మలుపును సూదయ్య ఆ రోజే ఇంకో చోటుకు మార్చుకున్నాడు. గోరింక అది చూసింది, కానీ చెప్పలేదు.

నీతి: దారి వేసినవాడు గుట్టు ఒక్కటి దాచుకోవచ్చు గాని, చెప్పుకునే నోరు కడితే నడిచే కాళ్ళు ఆగి దారినిండా గడ్డే మొలుస్తుంది.