వాసన రాని నక్క

సముద్రం ఒడ్డున, సరుగుడు తోటని ఆనుకుని నూకాలు పాక. వాకిలి నిండా ఆరబోసిన ఎండుచేపలు, ఓ మూల బోర్లించిన పాత పడవ, దాని పక్కన చేపలు ఊరేసే ఉప్పునీళ్ళ తొట్టి. కాపలాకి కర్రోడనే కుక్క. ఆ వాకిట్లోనే చుక్కమ్మ అనే కోడి తొలిసారి పిల్లల్ని లేపింది. పిల్లలు కళ్ళు తెరిచినప్పట్నించీ దానికి ఒకటే దిగులు, తోటలో ఉన్న నక్క.

"నా ముక్కుండగా నక్క ఈ దడి దాటదు చెల్లెమ్మా" అనేవాడు కర్రోడు.

మొదట్లో నిజంగానే నక్క వాసన తగిలితే చాలు, చెవులు చిల్లులు పడేలా మొరిగేవాడు. నూకాలు చీపురు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చేది. చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. "ఊరికే అరుస్తావేంరా, దిక్కుమాలినోడా!" అని ఆ చీపురుతోనే వాడి వీపు మీద నాలుగు అంటించేది.

అదంతా నక్క పనే. రోజూ పొద్దుగూకే వేళకి వచ్చి, దడికి ఒళ్ళు రుద్దుకుని పోయేది. ఇంకేదీ ముట్టుకునేది కాదు. కొన్నాళ్ళకి కర్రోడు మొరగడం మానేశాడు.

"నక్క రావట్లేదా అన్నా?"

"వాసనే లేదు. పీడ విరగడైంది, పడుకో."

చుక్కమ్మ హాయిగా పడుకునేదే, నూకాలు ఆడపడుచు పైడితల్లి రాకపోయుంటే. ఆవిడ వాకిట్లో అడుగు పెడుతూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అబ్బబ్బ, ఏం కంపు వదినా! ఎలా ఉంటున్నావమ్మా ఇక్కడ?"

"కంపా? నాకేం రావట్లేదే!" నూకాలు నిజంగానే ఆశ్చర్యపోయింది.

మర్నాటికి పైడితల్లి కొంగు ముక్కు మీంచి జారింది. ఆ మర్నాడు అదే చేపల పక్కన చాపేసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తింది. "ఇప్పుడేం లేదు వదినా. మొన్న గాలి ఇటు తిరిగిందేమో!"

చుక్కమ్మ మెడ వంచి చేపల వంక చూసింది. ఎక్కడివక్కడే ఉన్నాయి. వాసనా ఎక్కడికీ పోలేదు. రోజూ ఉండే వాసనని ముక్కే పట్టించుకోవడం మానేసింది! మరి కర్రోడి ముక్కో? నక్క రోజూ వస్తున్నా వాడికి తెలియట్లేదేమో!

ఆ సాయంత్రం ఆడపడుచుని బస్సెక్కించడానికి నూకాలు రోడ్డు దాకా వెళ్ళింది. పిల్లల్ని రెక్కల కిందికి తోసుకుంటున్న చుక్కమ్మకి పడవ అంచు కింద కుచ్చుతోక కొస కనబడింది. ఆ పడవకే వీపు ఆనించి కర్రోడు కునుకు తీస్తున్నాడు! చుక్కమ్మ వాడి చెవి దగ్గరకెళ్ళింది.

"అన్నా, పడవ కింద నక్క!"

కర్రోడు గాలి పీల్చాడు. "లేదు."

"తోక కనబడుతోంటే!"

"నీ కళ్ళు గొప్పా, నా ముక్కు గొప్పా? నీ మాట విని మళ్ళీ చీపురు దెబ్బలు తినమంటావా? పోవే!"

వీడితో వాదించి లాభం లేదనుకుంది చుక్కమ్మ.

"సరేలే. ఒడ్డుకి ఇంత పెద్ద తాబేలు చచ్చి కొట్టుకొచ్చిందట, ఊరి కుక్కలన్నీ అక్కడే ఉన్నాయట. అంత గొప్ప ముక్కుకి అదీ తగల్లేదా?"

కర్రోడికి రోషం వచ్చింది. లేచి ఒడ్డుకి ఒకటే పరుగు.

నక్క తాపీగా ఒళ్ళు విరుచుకుంటూ పడవ కింద నుంచి బయటికొచ్చింది. "ఏం మరదలా, కాపలావాణ్ణి నువ్వే పంపేశావే!"

చుక్కమ్మ పిల్లల్ని మళ్ళీ రెక్కల కిందికి లాక్కుంది. "నీ తెలివికి దండం పెట్టాలి బావా. ఆ ముక్కునే బోల్తా కొట్టించావంటే మాటలా! ఎలా చేశావో చెప్పి మరీ తిను."

పొగిడితే నక్క ఆగుతుందా? చతికిలబడి తోకని ఒంటి చుట్టూ చుట్టుకుంది.

"ఏముందీ, రోజుకింత వాసన అలవాటు చేశా. ఇప్పుడు వాడి ముక్కుకి నేనూ ఆ దడిలో ఓ పుల్లనే!"

"మనుషులకీ ఇంతేనా బావా?"

"ఎవరి ముక్కయినా అంతే!"

"అయ్యో, ఇక వాడి ముక్కు బాగుపడే దారే లేదా?"

"ఎందుకు లేదూ? కాసేపలా బయటికెళ్ళి మంచి గాలి పీల్చుకొస్తే..." నక్క నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "ఒసేయ్! వాణ్ణి ఒడ్డుకా పంపావు?"

తాబేలూ లేదు గీబేలూ లేదని తిట్టుకుంటూ కర్రోడు అప్పుడే దడి దాటాడు. ముక్కు మీద గుద్దినట్టు తగిలింది నక్క వాసన. "ఓరి నీ దుంప తెగ!" అంటూ ఒక్క దూకు దూకాడు. నక్క పడుతూ లేస్తూ పారిపోబోయి, చేపలు ఊరేసిన ఉప్పునీళ్ళ తొట్టిలో దభాలున పడింది. ముక్కుదాకా మునిగి, లేచి, తోటలోకి లగెత్తింది.

"తాబేలు కనబళ్ళేదు చెల్లెమ్మా" అన్నాడు కర్రోడు రొప్పుతూ.

"రోజూ ఓసారి వెళ్ళి చూసిరా అన్నా" అంది చుక్కమ్మ. పిల్లలు ఒక్కొక్కటీ రెక్కల కింద నుంచి తలలు బయటపెట్టాయి.

తొట్టిలో పడ్డ రోజు తన కంపుకి తనకే వాంతి వచ్చింది నక్కకి. నాలుగు రోజులయ్యేసరికి, "హమ్మయ్య, వదిలిపోయింది" అనుకుంది. ఇప్పటికీ పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వేటకొస్తుంది. అది తోట దాటకముందే ఊళ్ళో కోళ్ళన్నీ "నక్కొస్తోందర్రో!" అని గోల పెడతాయి. "వీళ్ళకెలా తెలిసిపోతోందబ్బా!" అని నక్క బుర్ర గోక్కుంటుంది.

నీతి: రోజూ పీల్చే కంపు కంపనిపించదు, అప్పుడప్పుడూ బయటికెళ్ళి వస్తేనే మన వాకిట్లో ఏముందో మనకి తెలుస్తుంది.